ఏడు గంటల మాత్ర

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం, పెద్దవాళ్లూ వాళ్ల పిల్లలూ కూర్చున్న చిన్న సభలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల నుంచున్నవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు, మైకులో గాలి చప్పుడే వినిపిస్తోంది. ఆ, చాలు.

నేనెవరో రెండు ముక్కల్లో చెప్పేసి అసలు సంగతిలోకి వస్తాను. కేజీహెచ్, అదే మన కింగ్ జార్జ్ ఆసుపత్రి, అక్కడి నర్సింగ్ స్కూల్లో చదివాను, తర్వాత 31 ఏళ్లు సర్కారు ఆసుపత్రుల్లో డ్యూటీ చేశాను, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక పెందుర్తి వైపు ఒక వృద్ధుల హోమ్‌లో ఇన్‌ఛార్జి సిస్టర్‌గా 5 ఏళ్లు పనిచేశాను. ఆ హోమ్ పేరు చెప్పను. చెప్తే మీరు దాన్ని ఒక్కదాన్నే తిట్టుకుని ఇంటికెళ్లిపోతారు. అక్కడి యజమాని చెడ్డవాడు కాదు, అన్నం బాగా పెట్టేవాడు, దుప్పట్లు శుభ్రంగా ఉండేవి. నేను చెప్పబోయే సంగతి అలాంటి మంచి హోముల్లో కూడా జరుగుతుంది.

మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే రామ్‌నగర్‌లోనో మహారాణిపేటలోనో ఉండే చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనుకుంటాం. నేను మాట్లాడేది వాటి గురించి కాదు. పక్షవాతం వచ్చినవాళ్లు, మతిమరుపు వచ్చినవాళ్లు, ఒంటరిగా ఉండలేనివాళ్లు, వీళ్లని నెలకి ఇంత అని కట్టి ఉంచే హోములు ఉన్నాయి కదా, వాటి గురించి. పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, రోజూ వీడియో కాల్ చేస్తారు, "అమ్మా తిన్నావా, మందు వేసుకున్నావా" అని అడుగుతారు, అమ్మ "వేసుకున్నాను నాన్నా" అంటుంది. ఎన్నింటికి వేసుకున్నావని మాత్రం ఎవరూ అడగరు. నేను ఇవాళ మాట్లాడేది ఆ ఒక్క ప్రశ్న గురించే.

నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడాదే మాకు ఐదు నేర్పిస్తారు. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. దారి అంటే నోట్లో వేయాలా, ఇంజెక్షన్ చేయాలా అని. మొదటి నాలుగింట్లో తప్పు జరిగితే గొడవైపోతుంది, మెమో వస్తుంది, ఒక్కోసారి పేపర్లో కూడా వస్తుంది. ఐదోదాంట్లో తప్పు రోజూ జరుగుతుంది, ఎవరికీ తెలియదు. ఎందుకు జరుగుతుందో చెప్పాలంటే ముందు ఒక చిన్న లెక్క చెప్పాలి.

మా హోమ్‌లో 38 మంది ఉండేవాళ్లు. పొద్దున్న డ్యూటీలో ఒక సిస్టర్, ఇద్దరు ఆయాలు. ఒకరోజు గడియారం పెట్టుకుని చూశాను, ఒక్కొక్కరికి మందులు ఇవ్వడానికి సగటున 4 నిమిషాలు పట్టింది. 4 నిమిషాలు ఎక్కువ అనుకుంటున్నారేమో. చార్ట్ చూడాలి, స్ట్రిప్పులు వెతకాలి, ఆరో ఏడో మాత్రలు కత్తిరించి గిన్నెలో వేయాలి, మనిషిని లేపి కూర్చోబెట్టాలి, నీళ్లివ్వాలి, మింగారో బుగ్గలో దాచుకున్నారో నోరు తెరిపించి చూడాలి, సంతకం పెట్టాలి. పక్షవాతం వచ్చి మింగలేని వాళ్లయితే 10 నిమిషాలు కూడా చాలవు. సరే, 4 నిమిషాలే అనుకోండి, 38 మందికి 152 నిమిషాలు, అంటే రెండున్నర గంటల పైన. పొద్దున్న 7కి ట్రాలీ కదిలితే 38వ మనిషి దగ్గరికి దాదాపు 9:30కి వెళ్తుంది, అదీ మధ్యలో ఎవరూ పిలవకపోతే.

పిలవకుండా ఉండరు. గేటు దగ్గర కూరగాయల ఆటో వస్తుంది, ఆఫీసు ఫోన్ మోగుతుంది, అమెరికా నుంచి ఎవరి కొడుకో పడుకోబోయే ముందు మాట్లాడదామని చేస్తాడు, రెండో గదిలో ఎవరో వాంతి చేసుకుంటారు, బాత్రూంలో ఒకరు జారతారు. వీటన్నిటికీ సిస్టరే వెళ్లాలి. సిడ్నీలో 2 ఆసుపత్రుల్లో 98 మంది నర్సుల వెంట తిరిగి, మందులిచ్చేటప్పుడు ఏం జరుగుతోందో లెక్కగట్టారు, 2010లో ఆ అధ్యయనం అచ్చయింది. నర్సుని ఒక్కసారి పలకరించి ఆపితే మందు విషయంలో పొరపాటు జరిగే అవకాశం 12 శాతానికి పైగా పెరిగిందని అందులో తేలింది. ప్రతి పలకరింపుకీ అంత పెరుగుతుంది. మా సిస్టర్‌ని ఒక రౌండులో ఎన్నిసార్లు ఆపుతున్నారో లెక్కపెడదామని ఒకరోజు మొదలుపెట్టి 20 దాటాక మానేశాను, నన్నూ ఎవరో పిలిచారు మరి.

ఇంకొకటి, ఇది మన దగ్గర ప్రత్యేకం. మందులు హోమ్ వాళ్లు కొనరు, ఇంటివాళ్లు తెచ్చిస్తారు. ఒకరు మూడు నెలలకి ఒకేసారి తెస్తారు, ఇంకొకరు పది రోజులకి తెస్తారు. కత్తిరించి ఇచ్చిన సగం స్ట్రిప్ మీద పేరుండదు. పోయినసారి ఒక కంపెనీ మందు, ఈసారి ఇంకో కంపెనీది, రెండూ ఒకటే మందని తెలియక రెండూ ఇచ్చేసిన సందర్భాలు ఉన్నాయి. శుక్రవారం మాత్రలు అయిపోతాయి, అబ్బాయికి వాట్సాప్ పెడితే చూడడు, ఆదివారం చూసి "సారీ సిస్టర్, రేపు డెలివరీ పెట్టిస్తా" అంటాడు. అప్పటికి మూడు రోజులు. దాన్ని ఆలస్యం అనాలా, మానేయడం అనాలా? సంక్రాంతికైతే భోగి, పండగ, కనుమ మూడు రోజులూ సగం మంది స్టాఫ్ శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకి వెళ్లిపోతారు, వెళ్లొద్దని ఎలా అంటాం, వాళ్లకీ పిల్లలున్నారు. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు రోడ్లు మూసేస్తే నైట్ డ్యూటీ సిస్టర్ రాలేక, పగలు చేసినావిడే రాత్రి కూడా చేసింది. అలా 24 గంటలు నిలబడ్డ మనిషి పొద్దున్న 7కి ఎవరికి ఏమిస్తుందో మీరే ఆలోచించండి.

అయితే భయపడకండి, ఆలస్యమైన ప్రతి మాత్రా ప్రమాదం కాదు. ఈ సంగతి నర్సులందరికీ తెలియదు, ఇంటివాళ్లకైతే అసలు తెలియదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ ఉందనుకోండి, ఈ గదిలో సగం మంది వేసుకుంటూ ఉంటారు, అది ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రెండు గంటలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. థైరాయిడ్ మాత్ర సగానికి తగ్గాలంటే దాదాపు వారం. దాని గొడవ టైముతో కాదు, కడుపుతో. పరగడుపున వేసుకోవాలి, కాఫీ, టిఫిన్‌లకి అరగంట నుంచి గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకి దానికి 4 గంటలు ఎడం ఉండాలి. హోముల్లో అన్నీ ఒకే గిన్నెలో వేసి ఒకేసారి మింగిస్తారు, థైరాయిడ్ మందు వంటబట్టదు, ఆర్నెల్లకి టెస్టు చేస్తే పనిచేయట్లేదని డోసు పెంచుతారు.

మరి ఆగలేని మందులు ఏవి? పార్కిన్సన్స్ అని ఒళ్లు బిగుసుకుపోయి కదలికలు మందగించే జబ్బుకి ఇచ్చే లెవోడోపా, మన దగ్గర సిండోపా అని ఎక్కువమందికి తెలుసు, అది ఒంట్లో సగానికి తగ్గడానికి గంటన్నర చాలు. ఫిట్స్ మందులు. ఇన్సులిన్. రక్తం పలచబడటానికి రోజుకి రెండు పూటలా వేసే మాత్రలు. క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్, నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మయస్తీనియా అని కండరాలు నీరసించే జబ్బు ఉంది, దాని మాత్ర ఆలస్యమైతే మింగడమే కష్టమవుతుంది, ఇక మందు ఎలా మింగిస్తాం?

ఇన్సులిన్ గురించి ఇంకొక్క మాట. దాంట్లో మందు ఆలస్యం కన్నా అన్నం ఆలస్యం ప్రమాదం. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ తిండికి అరగంట ముందు చేస్తారు. సిస్టర్ ట్రాలీతో వచ్చింది కాబట్టి 7:15కి పొడిచేసి వెళ్లిపోతుంది, వంటావిడ బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చి 9కి ఇడ్లీ దింపుతుంది. ఈలోపు షుగర్ పడిపోయి ఆ పెద్దాయన చెమటలు పట్టి ఏదేదో మాట్లాడుతుంటే "ఇవాళ మతి సరిగా లేదు" అని వదిలేస్తారు. అది మతిమరుపు కాదు, ఆకలి మీద ఇన్సులిన్. షుగర్ ఉన్న మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే ముందు వేలు పొడిచి షుగర్ చూడాలి.

ఇప్పుడు మాస్టారి గురించి చెప్తాను. ఇది చెప్పడం నాకు కష్టం, కానీ దీని కోసమే ఇవాళ వచ్చాను.

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పార్కిన్సన్స్. రోజుకి నాలుగుసార్లు సిండోపా, పొద్దున్న 7, మళ్లీ 11, మధ్యాహ్నం 3, రాత్రి 7. ఆయన గది వరండా చివరిది. మా ట్రాలీ ఒకటో గది నుంచి మొదలయ్యేది, ఎప్పటి నుంచో అలాగే, ఎవరూ ఎందుకని అడగలేదు, నేనూ అడగలేదు. కాబట్టి ఆయన 7 గంటల మాత్ర రోజూ 9:30కో 10కో అందేది. అప్పటిదాకా ఆయన మంచం మీద కట్టెలా ఉండేవారు, పక్కకి తిరగలేరు, బాత్రూంకి లేవలేరు, మాట నోట్లోనే ఉండిపోయేది. పొద్దున్నే వెళ్లి దుప్పటి సరిచేస్తే కళ్లతో నా వైపు చూసేవారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. తెలిసీ "వస్తున్నా మాస్టారూ, ఇంకో పదిమంది" అనేదాన్ని.

పైగా ఆలస్యమైన ఆ మాత్ర టిఫిన్‌తో కలిసేది. లెవోడోపాకి పప్పు, గుడ్డు, పాలు లాంటి మాంసకృత్తులున్న తిండి పడదు, రెండూ పేగుల దగ్గర పోటీ పడతాయి, అందుకే తిండికి అరగంట ముందు వేయాలి. పెసరట్టు పెట్టిన రోజు ఆయనకి మాత్ర అస్సలు పట్టేది కాదు. ఆ తర్వాత గంటో గంటన్నరో గడిచేసరికి 11 గంటల మాత్ర. చార్ట్‌లో 11 అని ఉంది కదా, అప్పటికి రౌండ్ అయిపోయి సిస్టర్ ఖాళీగా ఉండేది, అది మాత్రం సరిగ్గా ఇచ్చేవాళ్లం. అంటే 4 గంటల ఎడంతో పడాల్సిన రెండు మాత్రలు గంటన్నర తేడాతో పడేవి.

ఇంతవరకూ జరిగింది ఆలస్యం. తర్వాతది నా తప్పు. చార్ట్‌లో 7 అన్న గడిలో మేము టిక్ పెట్టి సంతకం చేసేవాళ్లం. ఎన్నింటికి ఇచ్చామో రాసేవాళ్లం కాదు. గడి ఖాళీగా ఉంటే మందు ఇవ్వలేదంటారు, 9:50 అని రాస్తే ఎందుకు ఆలస్యమని అడుగుతారు, టిక్ పెడితే ఎవరూ ఏమీ అడగరు. కొత్తగా చేరిన అమ్మాయిలు చూసి అదే నేర్చుకున్నారు, నేర్పింది నేనే.

న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు మా చార్ట్ చూపించాం. ఆయన ఏం చూస్తాడు? 7కి మాత్ర పడుతోంది, అయినా పేషెంటు 10 దాకా కదలట్లేదు. డోసు చాలట్లేదని పెంచాడు, మేము రాసిన దాన్ని బట్టి ఆయన చేసింది సరైనదే. ఇప్పుడు పెద్ద డోసు రెండు, గంటన్నర తేడాతో. మధ్యాహ్నం అయ్యేసరికి మాస్టారి చేతులూ మెడా వాటంతట అవే మెలికలు తిరిగేవి, లేచి నుంచుంటే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. పన్నెండో రోజు మధ్యాహ్నం బాత్రూం గడప దగ్గర పడ్డారు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రికి సంచి సర్దుతుంటే ఆయన దిండు కింద చిన్న పాకెట్ నోట్‌బుక్ దొరికింది. పార్కిన్సన్స్ వాళ్ల చేతిరాత సన్నగా చీమల్లా అయిపోతుంది, చూసే ఉంటారు. ఆ రాతలో రోజుకో వరస. 9-50, 11-10, 3-15, 7-40. మర్నాడు 10-05, 11-05. లెక్కల మాస్టారు కదా. నాలుగు నెలలు రాసుకున్నారు. ఎవరికీ చూపించలేదు, ఫిర్యాదు చేయలేదు. ఒక పక్క నా సంతకంతో ఉన్న చార్ట్, అన్నీ 7, 11, 3, 7. ఇంకో పక్క ఈ నోట్‌బుక్. ఆ గదిలో మంచం మీద కూర్చుండిపోయాను.

(కొద్దిసేపు ఆగారు.)

నీళ్లు వద్దమ్మా, ఫరవాలేదు.

వాళ్లబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాడు. నోట్‌బుక్ అతని చేతికిచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు పేజీలు తిప్పాడు, తర్వాత "ఈ కాగితాలు డాక్టరుగారికి చూపిస్తే మందు సరిచేస్తారా సిస్టర్?" అని అడిగాడు. చూపించాం. పెంచిన డోసు తగ్గించారు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఏంటంటే, ఇది ఎలా చేయాలో నాకు ముందే తెలుసు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను రోజు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. ఆ రాత్రి మా వార్డుకి రావాల్సిన వాళ్లలో సగం మంది రాలేకపోయారు. టార్చి వెలుతురులో ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆగలేనివాళ్లు ఎవరో పేర్లు రాసుకున్నాను. ఇన్సులిన్ వాళ్లు, ఫిట్స్ వాళ్లు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల వాళ్లు, 9 పేర్లు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాం, బెడ్ నంబరు చూడలేదు. మిగతావాళ్లకి "మీది పొద్దున్న ఇస్తే చాలు, భయం లేదు" అని చెప్పాం. ఒక్కరికీ ఏమీ కాలేదు. తుపానప్పుడు తోచిన పని మామూలు రోజున తోచలేదు నాకు. మనుషులు చాలకపోవడం ఆ హోమ్‌లో ప్రతి పొద్దున్నా ఉన్నదే, కానీ గాలి హోరు లేదు కాబట్టి అది అత్యవసరం అనిపించలేదు.

మాస్టారు ఆపరేషన్ అయ్యి వాకర్‌తో తిరిగొచ్చేలోపు మార్చాం. ఒక కార్డు మీద ఆగలేని మందులున్న వాళ్ల పేర్లు రాశాం, 38 మందిలో 8 మంది తేలారు. 6:45కి ట్రాలీ లేకుండా చిన్న ట్రే పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికి వెళ్లడం, అరగంటలో అయిపోయేది. ఇన్సులిన్ మాత్రం వంటగదిలో ఇడ్లీ పాత్ర పొయ్యి మీదకి ఎక్కాక. మిగతా 30 మందికి ట్రాలీ తాపీగా 10 దాకా తిరిగినా నష్టం లేదు. ఆ మొదటి అరగంట సిస్టర్‌ని ఎవరూ పిలవకూడదు, ఫోన్ ఆయా దగ్గర ఉండాలి, ప్రాణం మీదకొస్తే తప్ప. మా ఆయా ఒకావిడ గేటు దగ్గర కాపలా కాసి యజమానినే ఆపింది, "ఇప్పుడు కాదు బాబూ, సిస్టరమ్మ మందులిత్తన్నారు" అని.

చార్ట్‌లో టిక్ బదులు టైము రాయమన్నాను. 9:50కి ఇస్తే 9:50 అనే రాయాలి, దానికి ఎవరినీ ఏమీ అనను అని మాటిచ్చాను. మొదటి వారం వాళ్లు నమ్మలేదు. రెండో వారం నిజం టైములు వచ్చాయి, చూస్తే నేను అనుకున్న దానికన్నా అధ్వాన్నంగా ఉంది. ఆ కాగితాలు యజమాని ముందు పెట్టాక గానీ, పొద్దున్న 6 నుంచి 10 దాకా ఇంకో మనిషి కావాలన్న మాట ఆయనకి ఎక్కలేదు. అప్పటిదాకా చార్టులు ఎంతో బాగున్నాయి కదా, మనిషెందుకు? మేము పెట్టిన ప్రతి దొంగ టిక్కూ మాకు రావాల్సిన ఇంకో సిస్టర్‌ని ఆపేసింది. అయినా ఆ మనిషి రావడానికి 8 నెలలు పట్టింది.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో ఆసుపత్రుల్లో ఒకప్పుడు ప్రతి మందూ చెప్పిన టైముకి 30 నిమిషాలు అటూ ఇటూలో ఇచ్చి తీరాలని నియమం ఉండేది. మందుల భద్రత చూసే ఐఎస్‌ఎంపీ అనే సంస్థ అడిగితే దాదాపు 18,000 మంది నర్సులు జవాబిచ్చారు, ఆ నియమం అందుకోవడానికి అడ్డదారులు తొక్కాల్సి వస్తోందని చెప్పారు. 2011లో ఆ సంస్థ పద్ధతి మార్చి రాసింది, ఆగలేని మందులు 30 నిమిషాల లోపు, రోజుకి ఒకసారి వేసేవి 2 గంటల లోపు, మధ్యలోవి గంట లోపు. మేము పెందుర్తిలో కార్డు మీద రాసుకున్నదీ అదే. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ "గెట్ ఇట్ ఆన్ టైమ్" అని ఏళ్ల తరబడి ఇదొక్కటే ప్రచారం చేస్తోంది.

పద్ధతి మార్చినంత మాత్రాన మనుషులు చాలినట్టు కాదు, ఇది కూడా గట్టిగా చెప్పాలి. అమెరికాలో వృద్ధుల హోముల్లో ఒక్కో మనిషికి రోజుకి కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని 2024లో నియమం తెచ్చారు, 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అంత డబ్బున్న దేశంలో పరిస్థితి అది. మన దగ్గర తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది, జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి సరిపోయేలా ప్రభుత్వం పెట్టాలని అందులో ఉంది. 2019లో దానికి సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు, ఇలాంటి హోములకి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలని. అది చట్టం కాలేదు. నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు చెప్పాక 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నెలకి 20,000 తక్కువ ఇవ్వకూడదంది. మా హోమ్‌లో సిస్టర్‌కి 12,000 ఇచ్చేవాళ్లు. ఆ అమ్మాయి గల్ఫ్ వీసా రాగానే వెళ్లిపోయింది, వెళ్లకూడదని నేనైతే అనలేకపోయాను.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకావిడ: మా అత్తగారు ఒక హోమ్‌లో ఉన్నారు. ఇలా టైము అడిగితే సిస్టర్లకి కోపం వచ్చి ఆవిణ్ణి సరిగా చూడరేమో అని భయం.)

ఆ భయం నిజమేనమ్మా, అందరికీ ఉంటుంది. "టైముకి ఇస్తున్నారా?" అని అడగకండి, అది దెప్పినట్టు ఉంటుంది, జవాబు కూడా "ఇస్తున్నామండీ" అనే వస్తుంది. "సిస్టర్, మీ దగ్గర పొద్దున్న ఎంతమంది ఉంటారు? మా అత్తగారి మందుల్లో ఆలస్యం కాకూడనిది ఏది? అదొక్కటి ముందు ఇవ్వడానికి మా వైపు నుంచి ఏం చేయమంటారు?" అని అడగండి. డాక్టరు దగ్గర కూడా అడగండి, ఇన్ని మాత్రల్లో ఏవి తీసేయొచ్చు, ఏవి రోజుకి ఒకసారికి మార్చొచ్చు అని. మా హోమ్‌లో ఒక ఫిజీషియన్ ఓపిగ్గా కూర్చుని చూస్తే, ఎప్పుడో మూడేళ్ల కిందట దగ్గుకి రాసినవి కూడా ఇంకా ఇస్తున్నామని తేలింది. ఒక్కో మాత్ర తగ్గితే సిస్టర్‌కి ఆ మేరకు టైము మిగులుతుంది. మందులు అయిపోకముందే, పది రోజుల నిల్వ ఉండగానే తెచ్చివ్వండి, పూర్తి స్ట్రిప్పులే ఇవ్వండి. ఇంకొకటి, నెమ్మదిగా కరిగే మాత్రలుంటాయి, పేరు చివర ఎస్ఆర్ అనో సీఆర్ అనో ఉంటుంది, అవి పొడి చేసి అన్నంలో కలపకూడదని చెప్పండి. టైము లేక అన్నీ కలిపి నూరేస్తారు.

(ఒక యువకుడు: మా నాన్నగారిది కూడా సిండోపానే మేడమ్. పొద్దున్నంతా బిగుసుకుపోతున్నారని వచ్చే వారం డోసు పెంచుతామన్నారు.)

ఎన్నింటికి వేస్తున్నారు బాబూ?

(8కి అని చీటీలో ఉంది.)

చీటీలో కాదు. మీ నాన్నగారి గది ఎక్కడ?

(పై అంతస్తు. చివరిది.)

అయితే డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడు రోజులు పొద్దున్న 7:30కి అక్కడికి వెళ్లి కూర్చోండి. ఫోన్ చేసి కనుక్కోకండి, వెళ్లండి. ఎవరితో గొడవ పెట్టుకోవద్దు. మాత్ర నోట్లో పడిన టైము రాయండి, చేయి కదిలిన టైము రాయండి, టిఫిన్ ఎప్పుడు తిన్నారో, ఏం తిన్నారో రాయండి. ఆ కాగితం తీసుకెళ్లి, డోసు సంగతి మాట్లాడకముందే డాక్టరు చేతిలో పెట్టండి. పెన్నుందా? రాసుకోండి మరి, 7:30.